విండోస్ మళ్లీ వేసిన తరువాత కూడా కంప్యూటర్ ఆలస్యంగా మొదలవుతుంటే ఏం చూడాలి?

కంప్యూటర్ నెమ్మదించిందని ఎవరితో చెప్పినా మొదట వచ్చే సలహా ‘ఒకసారి ఫార్మాట్ కొట్టించండి’ అన్నదే. ఏళ్ల తరబడి పేరుకుపోయిన ప్రోగ్రాములు, సగం తొలగించి వదిలేసిన యాంటీవైరస్‌లు కారణమైనప్పుడు ఆ సలహా పనిచేస్తుంది. అయితే విండోస్‌ను శుభ్రంగా మళ్లీ వేసిన తరువాత కూడా బటన్ నొక్కిన రెండు నిమిషాలకు గాని డెస్క్‌టాప్ రావడం లేదంటే, కారణం రెండు చోట్ల ఉండే అవకాశం ఎక్కువ. ఒకటి, ఫార్మాట్ చేసినా మారనివి: డిస్క్, దాని కేబుల్, బయాస్ (విండోస్ కంటే ముందు లేచి యంత్రాన్ని సిద్ధం చేసే ప్రోగ్రాము) సెట్టింగులు, మదర్‌బోర్డు మీది బ్యాటరీ. రెండవది, ఫార్మాట్ చేయడం వల్లనే పోయినవి లేదా కొత్తగా వచ్చి చేరినవి: తయారీదారు ఇచ్చిన డ్రైవర్లు (ఒక్కో పరికరాన్ని విండోస్‌తో కలిపి పనిచేయించే ప్రోగ్రాములు), బూట్ మెనూలో మిగిలిపోయిన పాత పేర్లు, కొత్త సిస్టమ్ మొదటి రోజుల్లో లోపల చేసుకునే పనులు. ఈ తేడా తెలియకపోతే మళ్లీ మళ్లీ ఫార్మాట్ చేయించడమే మిగులుతుంది.

ముందు సమయం కొలవండి

ఏ సెట్టింగునూ ముట్టుకోకముందే ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో సమయం కొలిచి కాగితం మీద రాసుకోవాలి. మొత్తం సమయం ఒక్కటే తెలిస్తే ప్రయోజనం తక్కువ. దానిని మూడు ముక్కలుగా విడగొట్టి చూడాలి. బటన్ నొక్కినప్పటి నుంచి విండోస్ గుర్తు కింద చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలయ్యేదాకా మొదటి ముక్క. అక్కడి నుంచి పిన్ లేదా పాస్‌వర్డ్ అడిగే తెర వచ్చేదాకా రెండవది. పిన్ కొట్టిన తరువాత ఏదైనా ఫోల్డర్ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే వెంటనే తెరుచుకునే స్థితి వచ్చేదాకా మూడవది. మొదటి ముక్క బయాస్‌ది, డిస్క్‌ది. రెండవది ఎక్కువగా డ్రైవర్లది. మూడవది స్టార్టప్ ప్రోగ్రాములది. ఏ ముక్క పొడవుగా ఉందో తెలిస్తే వెదకవలసిన చోటు మూడింట రెండు వంతులు తగ్గిపోయినట్లే.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటి ఉంది. విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు వచ్చింది. దీని ప్రకారం ‘షట్ డౌన్’ నొక్కినప్పుడు సిస్టమ్ పూర్తిగా ఆగిపోదు. కెర్నెల్ (విండోస్ మూలభాగం), డ్రైవర్ల స్థితిని డిస్క్ మీద ఒక ఫైలుగా దాచుకుని, మళ్లీ ఆన్ చేసినప్పుడు దానినే చదువుకుని లేస్తుంది. ‘రీస్టార్ట్’ నొక్కినప్పుడు మాత్రం అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి. అందువల్ల రెండింటినీ వేర్వేరుగా కొలవాలి. రీస్టార్ట్ చేసినప్పుడు బాగానే ఉండి, రాత్రి ఆపి ఉదయం ఆన్ చేసినప్పుడే ఆలస్యమవుతుంటే, ఫాస్ట్ స్టార్టప్‌తో ఏదో ఒక డ్రైవర్‌కు పొసగడం లేదని అనుమానించాలి. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో, పవర్ బటన్లు ఏం చేయాలో నిర్ణయించే పేజీలో దీని టిక్ తీసివేసి రెండు రోజులు చూడవచ్చు. ఒక్కసారి పరీక్షించడానికైతే షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని షట్ డౌన్ నొక్కితే సరిపోతుంది. అప్పుడు సిస్టమ్ పూర్తిగా ఆగుతుంది. నిజంగా ఆగిందో లేదో టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద సీపీయూ పేజీలో కనిపించే ‘అప్ టైమ్’ చెబుతుంది. ఉదయమే ఆన్ చేసిన కంప్యూటర్‌లో అది మూడు రోజులు చూపిస్తుంటే కంగారు పడనక్కరలేదు, ఫాస్ట్ స్టార్టప్ తన పని చేస్తోందన్నమాట.

మొదటి రెండు రోజుల ఆలస్యానికి మందు లేదు

విండోస్ వేసిన మొదటి గంటల్లో లోపల చాలా పని జరుగుతుంది. అప్‌డేట్లు, డ్రైవర్లు దిగుతుంటాయి. వెతుకులాట కోసం ఫైళ్ల సూచిక తయారవుతుంటుంది. విండోస్ సొంత యాంటీవైరస్ అయిన డిఫెండర్ మొదటిసారి ఫైళ్లను తనిఖీ చేస్తుంది. వన్‌డ్రైవ్ పాత ఫైళ్లను తెచ్చుకుంటుంది. విండోస్ 11లో 2024 నాటి 24హెచ్2 కూర్పును శుభ్రంగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, అందుకు తగిన యంత్రాలలో డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే (తాళం లేనివారు చదవలేకుండా మార్చే) పని కూడా అడగకుండానే మొదలవుతుంది. సాధారణ హార్డ్ డిస్క్ ఉన్నచోట ఇవన్నీ కలిసి యంత్రాన్ని కదలనివ్వవు. ఈ దశలో చేయవలసినది కంప్యూటర్‌ను ఛార్జర్‌కు, ఇంటర్‌నెట్‌కు తగిలించి, స్లీప్‌లోకి పోకుండా కొన్ని గంటలు వదిలివేయడమే. సెట్టింగ్స్‌లోని అప్‌డేట్ పేజీలో ఇక ఏమీ మిగలలేదని చూపించి, రెండు మూడుసార్లు రీస్టార్ట్ అయిన తరువాత కొలిచిన సమయాన్నే లెక్కలోకి తీసుకోవాలి. హార్డ్ డిస్క్ మీద నడిచే సిస్టమ్ గత కొన్ని బూట్లలో ఏ ఫైళ్లు ఏ వరుసలో చదివిందో గుర్తుంచుకుని, తరువాతి బూట్‌కు వాటిని ముందుగానే సిద్ధం చేసుకుంటుంది. ఆ వివరాలు దాచుకునేది ప్రీఫెచ్ ఫోల్డర్‌లోనే. అందుకే వేగం పెరుగుతుందని చెప్పి ఆ ఫోల్డర్‌ను ఖాళీ చేయించే సలహాలు పాటిస్తే, ఆ నేర్చుకున్నది కాస్తా పోతుంది.

విండోస్ గుర్తు రావడమే ఆలస్యమైతే

మొదటి ముక్క పొడవుగా ఉన్నప్పుడు విండోస్ లోపల ఎంత వెదికినా ఫలితం ఉండదు, ఎందుకంటే అప్పటికి విండోస్ ఇంకా మొదలే కాలేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, స్టార్టప్ పేజీలో పైన కుడివైపున ఉండే ‘లాస్ట్ బయాస్ టైమ్’ అనే అంకెను చూడాలి. బయాస్ తన పనులు ముగించి విండోస్‌కు అప్పగించడానికి ఎన్ని సెకన్లు తీసుకుందో అది చెబుతుంది. పాత లెగసీ పద్ధతిలో బూట్ అయ్యే యంత్రాలలో ఈ అంకె కనిపించకపోవచ్చు. అక్కడ స్టాప్‌వాచే ఆధారం. ఇది 10, 15 సెకన్ల లోపు ఉంటే సాధారణమే. 30 దాటితే మాత్రం బయాస్ దేనికోసమో ఎదురుచూస్తోందని అర్థం.

మా మామయ్యగారి డెస్క్‌టాప్ విషయంలో జరిగినది చెబితే ఇది తేలికగా అర్థమవుతుంది. పాత 500 జీబీ హార్డ్ డిస్క్‌ను అలాగే ఉంచి, కొత్తగా 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) తగిలించి, దాని మీద విండోస్ వేయించారు. ఎస్‌ఎస్‌డీ పెట్టించినా 1 నిమిషం 50 సెకన్లు పడుతోందని, డబ్బు వృథా అయిందని ఆయన బాధ. కొలిచి చూస్తే లాస్ట్ బయాస్ టైమ్ 58 సెకన్లు. తరువాత నీలం తెర మీద రెండు విండోస్‌లలో ఏది కావాలో ఎంచుకోమనే మెనూ వచ్చి 30 సెకన్లు ఆగుతోంది. అసలు విండోస్ లేచి డెస్క్‌టాప్ రావడానికి పట్టినది 22 సెకన్లే. అంటే ఎస్‌ఎస్‌డీ తన వంతు పని సరిగానే చేస్తోంది. మిగిలిన 88 సెకన్లు దానికి సంబంధించినవి కావు.

మెనూ సంగతి సులువు. పాత డిస్క్ మీది పాత విండోస్ పేరు ఇంకా జాబితాలో ఉంది కాబట్టి, ఎవరో వచ్చి ఎంచుకుంటారేమోనని సిస్టమ్ 30 సెకన్లు ఎదురుచూస్తుంది. మార్చకపోతే ఆ గడువు అంతే ఉంటుంది. సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లోని బూట్ పేజీలో, ప్రస్తుతం నడుస్తున్నది కాని పేరును తొలగించవచ్చు, లేదా గడువును 3 సెకన్లకు తగ్గించవచ్చు. తొలగించేటప్పుడు ‘కరెంట్ ఓఎస్’ అని పక్కన రాసి ఉన్నదానిని మాత్రం ముట్టుకోకూడదు.

బయాస్ 58 సెకన్లు ఎందుకు ఆగుతోందో తెలుసుకోవడానికి కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, పాత హార్డ్ డిస్క్ కేబుల్‌ను ఊడదీసి ఆన్ చేశాను. బూట్ చేయదగిన డిస్క్ లేదని తెర మీద వచ్చింది. మామయ్యగారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. విండోస్ ఎస్‌ఎస్‌డీ మీదే ఉన్నా, దానిని లేపే బూట్ ఫైళ్లు పాత డిస్క్ మీద ఉండిపోయాయి. ఇన్‌స్టాల్ చేసే సమయంలో రెండు డిస్క్‌లూ తగిలించి ఉంటే, పాత డిస్క్‌లో అప్పటికే ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌నే (బూట్ ఫైళ్లు ఉండే చిన్న విభాగాన్నే) సెటప్ వాడుకోవడం తరచుగా జరుగుతుంది. ఇలా జరిగిందో లేదో కేబుల్ ఊడదీయకుండానే తెలుసుకోవచ్చు: డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ‘ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్’ అన్న మాట ఏ డిస్క్ వరుసలో ఉందో చూస్తే చాలు. విండోస్ ఉన్న డిస్క్‌లో అది లేకుండా వేరే డిస్క్‌లో మాత్రమే ఉంటే ప్రతి ఉదయం కంప్యూటర్ ఆ పాత డిస్క్ దయ మీదనే లేస్తోందన్నమాట. ఇక్కడైతే ఆ డిస్క్ పాడయ్యే దశలో ఉంది. చెడిన సెక్టార్లను (సమాచారం రాసే చిన్న చిన్న గడులను) చదవలేక పదేపదే ప్రయత్నిస్తూ బయాస్‌ను నిలబెడుతోంది.

బూట్ ఫైళ్లను కమాండ్లతో కొత్త డిస్క్‌కు మార్చే దారి ఉంది కాని, అందుకు పార్టిషన్లను కుదించి కొత్తది సృష్టించవలసి ఉంటుంది. అప్పుడే వేసిన విండోస్ కాబట్టి, అందులో పోయేది ఏమీ లేదు కాబట్టి, పాత డిస్క్ కేబుల్ తీసివేసి ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉండగా మళ్లీ వేయడమే నాకు తేలికగా తోచింది. పాత డిస్క్‌ను బయటి కేసులో పెట్టి, అందులోని పెళ్లి ఫొటోలను ఒక్కొక్క ఫోల్డర్‌గా కాపీ చేసుకుని, ఆ డిస్క్‌ను ఇక వాడవద్దని పక్కన పెట్టించాను. తరువాత కొలిస్తే మొత్తం 31 సెకన్లు. అందుచేత రెండు డిస్క్‌లు ఉన్న యంత్రంలో విండోస్ వేసేవారు రెండవదాని కేబుల్ తీసి పక్కన పెట్టి మొదలుపెట్టడం మంచిది. రెండు నిమిషాల పనే అది.

బయాస్ ఆలస్యానికి ఇంకా కొన్ని మామూలు కారణాలు ఉన్నాయి. పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ వేయడం కోసం మార్చిన బూట్ వరుస అలాగే ఉండిపోయి, యూఎస్‌బీ తరువాత నెట్‌వర్క్, ఆ తరువాత డిస్క్ అన్న క్రమంలో వెదుకుతుండవచ్చు. నెట్‌వర్క్ నుంచి బూట్ చేసే ప్రయత్నం విఫలమయ్యేదాకా ఆగితే చాలా సెకన్లు అక్కడే పోతాయి. బయాస్‌లో ‘విండోస్ బూట్ మేనేజర్’ను మొదటి స్థానంలో పెట్టి, వాడని నెట్‌వర్క్ బూట్‌ను ఆపివేయాలి. ప్రింటర్, బయటి హార్డ్ డిస్క్, కార్డ్ రీడర్ వంటివన్నీ తీసివేసి ఒకసారి కొలిచి చూడటం కూడా అవసరం. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీద ఉండే నాణెం ఆకారపు సీఆర్2032 బ్యాటరీ నిండుగా ఉంటే 3 వోల్టులు చూపిస్తుంది. రాత్రి గోడ మీది స్విచ్ కట్టేసే ఇళ్లలో ఆ సమయమంతా బయాస్ దాని మీదే ఆధారపడుతుంది. ప్రతి ఉదయం తేదీ తప్పుగా చూపిస్తున్నా, ఎఫ్1 నొక్కమని అడుగుతున్నా ఆ బ్యాటరీ అయిపోయి ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు బూట్ వరుసను ఎన్నిసార్లు సరిచేసినా మరునాటికి నిలవదు.

బయాస్‌లో ఏదైనా మార్చడానికి ముందు ఒక జాగ్రత్త తప్పనిసరి. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటే, బయాస్ మార్పు తరువాత విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమై ఉందో లేదో ముందే చూసి, కాగితం మీద రాసుకున్న తరువాతే చేయి పెట్టాలి. అలాగే సాటా పద్ధతిని (బోర్డు డిస్క్‌తో మాట్లాడే తీరును) పాత ఐడీఈ నుంచి కొత్త ఏహెచ్‌సీఐకి మార్చమన్న సలహాను విండోస్ వేసిన తరువాత నేరుగా పాటిస్తే దోషం చూపే నీలి తెర వచ్చి సిస్టమ్ లేవకపోవచ్చు. ఆ మార్పు ఇన్‌స్టాల్ చేయకముందు చేసుకోవలసినది.

చుక్కలు తిరుగుతూనే ఉంటే

రెండవ ముక్క పొడవుగా ఉన్నప్పుడు మొదట డివైస్ మేనేజర్ తెరవాలి. పసుపు గుర్తుతో కనిపించే పరికరాలు ఉంటే వాటికి డ్రైవర్ లేదు లేదా సరిగా పనిచేయడం లేదన్నమాట. గ్రాఫిక్స్ చోట ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటే అసలు డ్రైవర్ ఇంకా రాలేదు. ల్యాప్‌టాప్ లేదా మదర్‌బోర్డు తయారీదారు సైటులో ఖచ్చితమైన మోడల్ సంఖ్యతో వెదికి, ముందు చిప్‌సెట్, తరువాత స్టోరేజ్, ఆ తరువాత గ్రాఫిక్స్ డ్రైవర్లు వేసుకోవాలి. విండోస్ అప్‌డేట్‌లోని ‘ఆప్షనల్ అప్‌డేట్స్’ కింద కూడా కొన్ని దొరుకుతాయి. డ్రైవర్లన్నింటినీ ఒక్క నొక్కుతో తెచ్చిపెడతామనే ప్రోగ్రాముల జోలికి పోకపోవడమే మంచిదని నా అనుభవం. అవి తామే స్టార్టప్‌లో చేరి కూర్చుంటాయి.

ఆలస్యానికి కారణమైనదాని పేరును విండోస్ స్వయంగా రాసిపెట్టే చోటు ఒకటి ఉంది, చాలామంది అది చూడరు. ఈవెంట్ వ్యూయర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, దాని కింద మైక్రోసాఫ్ట్, విండోస్, డయాగ్నస్టిక్స్-పెర్ఫార్మెన్స్, ఆపరేషనల్ అన్న వరుసలో లోపలికి వెళ్లాలి. 100 సంఖ్య గల నమోదులో ఆ బూట్‌కు మొత్తం ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో ఉంటుంది. వివరాల పేజీలో ‘మెయిన్ పాత్ బూట్ టైమ్’ డెస్క్‌టాప్ వచ్చేదాకా పట్టిన సమయం, ‘పోస్ట్ బూట్ టైమ్’ ఆ తరువాత సిస్టమ్ సద్దుమణిగేదాకా పట్టిన సమయం. 101 ఆలస్యం చేసిన ప్రోగ్రామును, 102 డ్రైవర్‌ను, 103 సర్వీసును పేరుతో సహా చూపిస్తాయి. ఒక్క రోజు నమోదును చూసి తీర్పు ఇవ్వకూడదు; నాలుగైదు బూట్లలో అదే పేరు మళ్లీ మళ్లీ వస్తే అప్పుడు దాని సంగతి చూడాలి.

అక్కడే విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ జాబితాలో ‘డిస్క్’ పేరుతో 7 లేదా 153 సంఖ్యల హెచ్చరికలు ఉన్నాయేమో కూడా చూడాలి. 7 అంటే చెడిన బ్లాక్ తగిలిందని, 153 అంటే డిస్క్ సమాధానం ఇవ్వక మళ్లీ అడగవలసి వచ్చిందని అర్థం. ఇవి వరుసగా కనిపిస్తే వేగం సంగతి పక్కన పెట్టి, ముందు ఫైళ్లను వేరే చోటికి కాపీ చేసుకోవాలి. ఒక్కోసారి లోపం డిస్క్‌లో కాక సాటా కేబుల్‌లో ఉంటుంది. డిస్క్ ఆరోగ్యాన్ని చూపే స్మార్ట్ పట్టికలో సీఆర్‌సీ దోషాల (సమాచారం దారిలో చెడిన సందర్భాల) సంఖ్య పెరుగుతూ, చెడిన సెక్టార్ల సంఖ్య మాత్రం సున్నా దగ్గరే ఉంటే, కొత్త డిస్క్ కొనకముందు కేబుల్ మార్చి చూడాలి.

హార్డ్ డిస్క్ ఆరోగ్యంగానే ఉండి, సిస్టమ్ దాని మీదే నడుస్తుంటే మాత్రం నేను దాపరికం లేకుండా చెబుతాను: ఏ సెట్టింగూ దానిని ఎస్‌ఎస్‌డీగా మార్చలేదు. నిమిషానికి 5400 సార్లు తిరిగే డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 11 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన సమాచారం సూది కిందికి రావడానికి సగటున అందులో సగం, సూది కదలడానికి మరికొంత. బూట్ సమయంలో డిస్క్ నలుమూలలా చెల్లాచెదురుగా ఉన్న వేల చిన్న చిన్న ఫైళ్లను చదవాలి. ప్రతిదానికీ ఆ వేచి ఉండటం కలిస్తే నిమిషాలవుతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, కదిలేదీ లేదు.

డెస్క్‌టాప్ వచ్చాక కదలకపోతే

ఇది అన్నింటిలో తేలికైనది. టాస్క్ మేనేజర్ స్టార్టప్ పేజీలో ప్రతి ప్రోగ్రాము పక్కన దాని ప్రభావం రాసి ఉంటుంది. ప్రారంభంలో 1 సెకను కంటే ఎక్కువ సీపీయూ సమయం గాని, 3 ఎంబీ కంటే ఎక్కువ డిస్క్ పని గాని తీసుకున్నదానిని విండోస్ ‘హై’ అంటుంది. కొత్తగా వేసిన సిస్టమ్‌లో కూడా మీటింగ్ యాప్‌లు, గేమ్ లాంచర్లు, బ్రౌజర్లు, ప్రింటర్ సహాయకులు ఒక్క వారంలో అక్కడికి చేరతాయి. వాటిని డిసేబుల్ చేస్తే ప్రోగ్రాము తొలగిపోదు, తనంతట తాను మొదలుకాదు అంతే. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసివేయాలి. ర్యామ్ 4 జీబీ మాత్రమే ఉంటే, విండోస్ 11 అడిగే కనీస పరిమాణం అదే కాబట్టి, బ్రౌజర్ తెరవగానే భారం డిస్క్ మీద పడుతుంది.

ఉబుంటు కూడా ఉన్న యంత్రాలలో

విండోస్ వంటిదే మరో సిస్టమ్ అయిన లినక్స్‌లో ఉబుంటు ఒక రకం. ఒకే డిస్క్‌లో ఉబుంటు, మరొక లినక్స్ పక్కపక్కన పెట్టుకున్నవారికి వేరే రకం ఆలస్యం ఎదురవుతుంది. రెండవదానిని మళ్లీ వేసేటప్పుడు ఇన్‌స్టాలర్ ఉమ్మడి స్వాప్ పార్టిషన్‌ను (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ భాగాన్ని) తిరిగి ఫార్మాట్ చేస్తే దాని యూయూఐడీ, అంటే గుర్తింపు సంఖ్య, మారిపోతుంది. మొదటి లినక్స్ మాత్రం పాత సంఖ్య కోసమే వెదుకుతూ, 1 నిమిషం 30 సెకన్ల గడువు లెక్కపెడుతూ తెర మీద నిలబడుతుంది. ఏ అంశానికి ఎంత సమయం పట్టిందో సిస్టమ్‌డీ-ఎనలైజ్ బ్లేమ్ కమాండ్ చూపిస్తుంది. బీఎల్‌కేఐడీ కమాండ్‌తో ప్రస్తుత సంఖ్యను తెలుసుకుని, ఈటీసీ ఫోల్డర్‌లోని ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో పాతదాని స్థానంలో రాయాలి. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్-టూల్స్ ఫోల్డర్‌లోని రెజ్యూమ్ ఫైలులో కూడా పాత సంఖ్య ఉంటే దానినీ మార్చి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌ను (బూట్ మొదట్లో లినక్స్ వాడుకునే చిన్న ఫైళ్ల మూటను) తిరిగి తయారుచేయించాలి. ఫైళ్లను మార్చేముందు ఒక్కొక్క నకలు తీసి పెట్టుకోవాలి.

ఒక్కో మార్పు చేసి, రీస్టార్ట్ చేసి, సమయం కొలిచి రాసుకున్న తరువాతే రెండవ మార్పుకు వెళ్లాలి; నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు. సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో ప్రాసెసర్ల సంఖ్యను గరిష్ఠంగా పెడితే బూట్ వేగం పెరుగుతుందని చెప్పే వీడియోలు చూసి ఇప్పటికే ఆ పెట్టెలో టిక్ పెట్టి ఉంటే, దానిని తీసివేయండి. విండోస్ ఎలాగూ ఉన్న కోర్లన్నింటినీ వాడుకుంటుంది. ఆ పెట్టె పరీక్షల కోసం వాటి సంఖ్యను తగ్గించడానికి పెట్టినది.